రాత్రికి చైనావాళ్ళు పెట్టుకున్న పేర్లు

చైనా లిపిలో 'పేరు' అన్న మాటని ఎలా రాస్తారో తెలుసా అండీ? పైన మునిమాపు గుర్తు వేస్తారు, దాని కింద నోరు గుర్తు వేస్తారు. రెండూ కలిస్తే 'మింగ్', అంటే పేరు. మునిమాపుకీ, నోటికీ, పేరుకీ ఏమిటి సంబంధం అంటారా? క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు వాళ్ళ అక్షరాల పుట్టుపూర్వోత్తరాలన్నీ చెబుతూ ఒక పెద్ద నిఘంటువు కూర్చాడు. అందులో దీనికి ఆయన ఇచ్చిన సంజాయిషీ చాలా ముచ్చటగా వుంటుంది. పగలైతే మొహం చూసి ఫలానా అని పోల్చుకుంటాం. పొద్దుగూకాక మొహాలు కనబడవు. అందుకని ఎదురైనవాళ్ళకి నోరు తెరిచి ఎవరమో చెప్పుకోవాలి. ఆ చెప్పుకున్నదే పేరు. కరెంటు పోయిన రాత్రి తలుపు చప్పుడైతే "ఎవరది?" అని అడక్కుండా మనం మాత్రం గడియ తీస్తామా?

చీకటి పడ్డాక ఎవరు మేలుకుని వున్నారు, ఎందుకు మేలుకున్నారు అన్న సంగతి చైనావాళ్ళ మాటల్లో చాలాచోట్ల దాగి వుంది. చదువుకునే మగపిల్లవాడి రాత్రి ఒక రకంగా వుంటే, ఇల్లాలి రాత్రి ఇంకో రకంగా వుంది. ఈవేళ మీతో ఆ మాటలే చెప్పుకుందామని.

ముందుగా ఒక్క మనవి. చైనా భాషలో ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క మాట. ఒకే పలుకుని స్వరం ఎత్తి అంటే ఒక అర్థం, దించి అంటే ఇంకో అర్థం. ఆ ఎత్తుపల్లాలు మన తెలుగు అక్షరాల్లో రాయడం కుదరదు. అంచేత నేను పలికేవి ఇంచుమించు పలుకులే అనుకోండి. పైగా ఆ దేశంలో ఊరూరికీ యాస మారిపోతుంది. నేను చెప్పేవి అందరికీ ఉమ్మడిగా వున్న మాండరిన్ మాటలు. ఇంకో సంగతేమంటే, వాళ్ళ జాతీయాలు చాలా వరకు సరిగ్గా నాలుగేసి మాటలతో వుంటాయి. నాలుగు మాటల్లో ఒక కథంతా మడిచి పెట్టేస్తారు. కథ తెలియనివాడికి ఆ నాలుగు మాటలూ తాళం వేసిన పెట్టె.

రాత్రికి వాళ్ళకి ఒక్క మాట కాదు, నాలుగైదు వున్నాయి. మునిమాపుని 'షీ' అంటారు. ఆ గుర్తు నెలవంక బొమ్మలోంచి వచ్చింది. మూడు వేల ఏళ్ళ కిందట తాబేటి చిప్పల మీదా, ఎడ్ల ఎముకల మీదా చెక్కిన రాతల్లో చంద్రుడికీ మునిమాపుకీ దాదాపు ఒకటే బొమ్మ. మామూలుగా రాత్రి అనడానికి 'యె' అంటారు. పండగ రాత్రుల పేర్లలో, చిరుతిళ్ళ పేర్లలో 'శ్యావ్' అనే మాట వస్తుంది. ఇక 'వాన్' అనే మాటకి సాయంత్రం అనీ అర్థమే, ఆలస్యం అనీ అర్థమే. రాత్రి భోజనం 'వాన్ ఫాన్', అంటే మాపటి అన్నం. ముసలితనం 'వాన్ నియెన్', పొద్దువాలిన ఏళ్ళు. కొన్ని ప్రాంతాల్లో సవతి తల్లిని 'వాన్ న్యాంగ్' అంటారు, ఆలస్యంగా వచ్చిన అమ్మ అన్నమాట. మనుషుల గుణం సంగతి ఎలా వున్నా, మాట వరకు చూస్తే మన 'సవతి'లో వున్న కారం ఇందులో లేదు. మన పెరళ్ళల్లో సాయంత్రం విచ్చుకునే చంద్రకాంత పూలు వుంటాయి చూడండి, వాటిని చైనాలో 'వాన్ ఫాన్ హ్వా' అంటారు. అంటే మాపటి అన్నం పువ్వు. మనవాళ్ళు ఆ పువ్వులో చంద్రుణ్ణి చూశారు. వాళ్ళు పొయ్యి మీద ఎసరుని చూశారు! నాకు రెండో పేరే ఎక్కువ నచ్చింది. అది తప్పకుండా ఏ ఇల్లాలో పెట్టిన పేరై వుంటుంది.

మన పెద్దవాళ్ళు రాత్రిని నాలుగు జాములుగా లెక్కపెట్టేవాళ్ళు గదా. చైనావాళ్ళు అయిదు భాగాలు చేశారు. ఒక్కొక్క భాగం ఒక 'గెంగ్'. సుమారు రాత్రి 7 గంటలకి మొదటి గెంగ్ మొదలయితే, తెల్లవారుజామున 5 గంటలకి అయిదోది పూర్తవుతుంది. ఒక్కొక్కటి రెండేసి గంటలు. ఊళ్ళో గస్తీ తిరిగేవాడు ఒక చేత్తో వెదురు బుంగా, ఇంకో చేత్తో జేగంటా పట్టుకుని వాయిస్తూ ఎన్నో గెంగో తెలియజేసేవాడు. పెకింగు నగరంలో దీనికోసం ఒక నగారా మేడా, దాని వెనకే ఒక గంట మేడా కట్టారు. 1924 వరకు ఆ నగరానికి వేళ చెప్పింది ఆ మేడలే. ఇప్పుడు అవి చూడ్డానికి వచ్చినవాళ్ళకి మాత్రమే.

మూడో గెంగ్ అంటే 11 నుంచి 1 వరకు. అర్ధరాత్రి, అపరాత్రి అనడానికి వాళ్ళు 'బాన్ యె సాన్ గెంగ్' అంటారు, నడిరాత్రి మూడో గెంగ్ అని. "బాన్ యె సాన్ గెంగ్ వేళ ఎవరింటికయినా వెళతారా?" అని పిల్లల్ని కోప్పడతారు. పాత లెక్కలో రోజు మొత్తాన్ని పన్నెండు జంతువుల పేర్లతో పన్నెండు భాగాలు చేశారు. సరిగ్గా ఈ అర్ధరాత్రి భాగానికి వచ్చింది ఎలుక. వంటింట్లో ఆ వేళకి గిన్నెల చప్పుడు వినేవాళ్ళెవరూ కాదనరు.

థాంగ్ వంశపు రాజుల కాలంలో, అంటే 7వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం మొదటి దాకా, రాజధానిలో పొద్దుగూకగానే నగారా మోగేది. పేటల తలుపులు మూసేసేవాళ్ళు. ఆ తర్వాత వీధిలో కనబడితే దానికి 'ఫాన్ యె' అని పేరు, రాత్రి పట్ల చేసిన నేరం అన్నమాట. శిక్ష ఇరవై దెబ్బలు. ఇంట్లో జబ్బు వుంటేనో, శుభమో అశుభమో జరిగితేనో మాత్రం మినహాయింపు. తర్వాత వచ్చిన సోంగ్ వంశం వాళ్ళు ఈ కట్టు సడలించారు. 965లో మూడో గెంగ్ లోపల రాత్రి అంగళ్ళను ఆపవద్దని రాజాజ్ఞ అయింది. కైఫెంగ్ నగరంలో అర్ధరాత్రి దాకా తినుబండారాలు అమ్మేవారనీ, మళ్ళీ అయిదో గెంగ్‌కే తెరిచేవారనీ అప్పటి సంగతులు రాసినవాళ్ళు చెప్పారు. నేటికీ అక్కడి ఊళ్ళల్లో రాత్రి బజారుని 'యె షీ' అంటారు. ఈ షీ వేరు, మునిమాపు షీ వేరు. పలుకులోనూ, స్వరంలోనూ తేడా. ఇందాక మనవి చేసుకున్న చిక్కు ఇదే.

కట్టుబాట్లు గట్టిగా వున్న రోజుల్లో కూడా ఏడాదిలో ఒక పండక్కి అందరికీ రాత్రి తిరిగే స్వేచ్ఛ వుండేది. అది కొత్త సంవత్సరంలో వచ్చే మొదటి పున్నమి. దాన్ని 'యువాన్ శ్యావ్' అంటారు, మొదటి రాత్రి అని అర్థం. ఇంటింటా రంగు కాగితాల దీపాలు కడతారు. ఆ రోజు చేసుకునే పిండివంట పేరు కూడా యువాన్ శ్యావే. బంక బియ్యం పిండిలో నువ్వులూ పంచదారా కూరి, గుండ్రంగా చేసి నీళ్ళలో వుడికిస్తారు. మన పూర్ణం కుడుముల వరసే. మింగ్ రాజుల కాలంలో పెకింగులో ఆ రాత్రి ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా బయటకి వచ్చి వంతెనలు దాటి నడిచేవారు. అలా నడిస్తే ఏడాదంతా రోగాలు దగ్గరకి రావని నమ్మకం. దానికి 'జౌ బాయ్ బింగ్' అని పేరు. వంద రోగాల్ని నడిచి పోగొట్టుకోవడం అన్నమాట. రోగాల మాట దేవుడెరుగు! ఏడాది పొడుగునా గడప దాటని ఆడవాళ్ళకి ఒక్క రాత్రి చల్లగాలికి నడవడం మందు కాకుండా పోతుందా?

ఇప్పుడు చదువుల రాత్రికి వద్దాం. చైనాలో బడికి వెళ్ళే ప్రతి పిల్లవాడికీ మూడు కథలు చెబుతారు. చే యిన్ అనే కుర్రవాడికి నూనె కొనుక్కునే శక్తి లేదు. వేసవి రాత్రుల్లో పల్చటి గుడ్డసంచీలో మిణుగురు పురుగుల్ని పట్టి ఆ వెలుగులో చదివాడు. సున్ కాంగ్ అనే ఇంకొకడు చలికాలంలో మంచు మీద పడ్డ వెన్నెల తళుకులో చదివాడు. మూడోవాడు క్వాంగ్ హెంగ్. ఇతని పేరే ఎక్కువ వినబడుతుంది. పక్కింట్లో దీపం వుంది, వీళ్ళింట్లో లేదు. మధ్య గోడకి చిన్న కన్నం పెట్టి, అందులోంచి వచ్చిన వెలుగుకి పుస్తకం ఆనించి చదివాడట. దాని మీద పుట్టిన జాతీయం 'జావ్ బీ తౌ గ్వాంగ్', గోడ తొలిచి వెలుగు దొంగిలించడం. కష్టపడి చదివే పిల్లల్ని మెచ్చుకోవడానికి ఈ మాట వాడతారు. దొంగతనానికి ఇంత మంచిపేరు ఇంకెక్కడా నేను చూడలేదు.

ఈ క్వాంగ్ హెంగ్ క్రీస్తుకి పూర్వం 1వ శతాబ్దంలో నిజంగా వున్న మనిషే. చదువుకుని పైకి వచ్చి ప్రధానమంత్రి అయ్యాడు. చివరికి తన హద్దు దాటి వున్న భూమి తాలూకు ఆదాయం తిన్నాడన్న నేరం మీద పదవి పోగొట్టుకున్నాడు. బడిపిల్లలకి కథ గోడ దగ్గరే ఆపేస్తారు.

ఇలాంటి వెలుగు కథే ఇంకొకటి వుంది. అది అంతగా పేరు పడలేదు. నాకు మాత్రం క్వాంగ్ హెంగ్ కథ కన్నా ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. ల్యూ షియాంగ్ అనే పండితుడు, ఆయనదీ క్రీస్తుకి పూర్వం 1వ శతాబ్దమే, పేరుపొందిన స్త్రీల కథలన్నీ ఒక గ్రంథంగా కూర్చాడు. అందులో ఛీ రాజ్యంలో, తూర్పు సముద్రం ఒడ్డున వుండే షూ వూ అనే పేదరాలి కథ వుంది. ఆ ఊరి ఆడవాళ్ళు పగటి పనులన్నీ అయ్యాక రాత్రిపూట ఒకచోట చేరి నారపోగులు పేనేవాళ్ళు. దీపానికి కావలసింది తలా కాస్త తెచ్చుకోవాలని కట్టుబాటు. షూ వూ అందరిలోకీ పేదది. ఆమె వంతు ఎప్పుడూ తక్కువ పడేది. లీ వూ అనే ఆమె ఒకనాడు మిగతావాళ్ళతో, ఈవిడ తన వంతు తేవడం లేదు గనుక ఇకనించి రానివ్వవద్దు అన్నది.

షూ వూ ఏడవలేదు, బతిమాలుకోలేదు. లెక్క చెప్పింది. నా వంతు తక్కువని నాకు తెలుసు, అందుకనే నేను అందరికన్నా ముందు లేచి వస్తున్నాను, అందరికన్నా వెనక పడుకుంటున్నాను, మీరు వచ్చేసరికి ఊడ్చి చాపలు పరుస్తున్నాను, చిరిగిన చాప నేను వేసుకుంటున్నాను, చివర కూర్చుంటున్నాను అన్నది. పైగా, గదిలో ఒక మనిషి ఎక్కువైతే దీపం మసకబారదు, ఒక మనిషి తగ్గితే దీపం మరింత వెలగదు, గోడ మీద పడి వృథాగా పోయే వెలుగుని నాకు ఇవ్వడానికి అభ్యంతరమేమిటి అని అడిగింది. లీ వూ దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఈ కథలోంచి వచ్చిన జాతీయం 'దోంగ్ బీ యూ గ్వాంగ్', తూర్పుగోడ మీది మిగులు వెలుగు. తనకి నష్టం లేకుండా ఎదుటివాళ్ళకి చేయగలిగిన సాయానికి ఈ మాట వాడతారు.

చూశారా మరి! పక్కింటి వెలుగు కోసం మగపిల్లవాడు గోడకి కన్నం పెట్టాడు. ఈమె గదిలో కూర్చుని అడిగి తీసుకుంది. అతను చదువుకోవడానికి మేలుకున్నాడు, ఈమె నూలు పేనడానికి మేలుకుంది. అతని జాతీయం పాఠ్యపుస్తకాల్లో వుంది. ఈమెది పెద్ద నిఘంటువుల్లో వెతుక్కోవాలి.

ఆడవాళ్ళు ఇలా ఒకచోట చేరి రాత్రి పని చేయడం కథల్లో మాటే కాదు. హాన్ వంశ చరిత్రలో పాతకాలపు పల్లెల గురించి చెబుతూ ఒక వింత లెక్క రాశారు. చలికాలం రాగానే రైతులు పొలాలు వదిలి ఇళ్ళకు చేరతారు. ఒక వీధి ఆడవాళ్ళంతా కలిసి రాత్రిళ్ళు పోగులు పేనుతారు. అంచేత ఆడవాళ్ళ పనికి నెలకి 45 రోజులు! ఎలాగంటే, ముప్ఫై పగళ్ళు ముప్ఫై రోజులు. ముప్ఫై రాత్రుల్లో సగం సగం పనిచేస్తే మరో పదిహేను రోజులు. మొత్తం 45. ఒకచోట ఎందుకు చేరాలో కూడా అక్కడే చెప్పారు. దీపాల ఖర్చు, చలిమంట ఖర్చు కలిసివస్తుంది. పని బాగా వచ్చినవాళ్ళ దగ్గర రానివాళ్ళు నేర్చుకుంటారు.

పొదుపుగా చూస్తే మంచి ఏర్పాటే. కాని ఆ లెక్క వేసినవాళ్ళకి పొద్దున్నే లేవాల్సింది కూడా ఆ ఇల్లాలే అన్న సంగతి గుర్తు వచ్చినట్టు లేదు. నెలకి 45 రోజులు పనిచేసినవాళ్ళకి నిద్ర ఎన్ని రోజులు మిగిలింది? ఆ లెక్క ఆ గ్రంథంలో లేదు.

ఆ గ్రంథం రాసిన బాన్ గూ పూర్తిచేయకుండానే పోతే, మిగిలింది పూర్తిచేసింది ఆయన చెల్లెలు బాన్ జావ్. చైనా చరిత్రకారుల్లో మొట్టమొదట పేరు చెప్పుకోదగ్గ స్త్రీ ఆవిడ. అంత విదుషీమణి క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో తన ఇంటి ఆడపిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాసింది. అందులో కూడా ఆడది ఆలస్యంగా పడుకోవాలి, పెందరాళే లేవాలి, రాత్రనక పగలనక పనికి వెనకాడకూడదు అనే చెప్పింది. ఆ తర్వాత వందల ఏళ్ళు ఆ పుస్తకం ఆడపిల్లలకి పాఠమైంది. చరిత్ర రాయగలిగిన స్త్రీ ఇదే రాయాలా అని నాకు కొంచెం కష్టంగానే వుంటుంది లెండి. కాలం అలాంటిది.

ఈ 'పెందరాళే లేచి ఆలస్యంగా పడుకోవడానికి' చైనాలో ఒక గంభీరమైన జాతీయం వుంది, 'సూ షింగ్ యె మేయ్' అని. ఇప్పుడు దాన్ని దేశసేవ చేసే పెద్దల్నీ, ఆఫీసులో రాత్రింబగళ్ళు శ్రమించేవాళ్ళనీ పొగడడానికి వాడతారు. చైనావాళ్ళ అతి ప్రాచీన గీతాల సంపుటిలోనే ఈ మాట చాలాచోట్ల వుంది. వాటిల్లో ఒకటి ఒక ఇల్లాలు చెప్పుకున్న గోడు. ఆమెని ఒకతను నవ్వుమొహంతో వచ్చి పెళ్ళి చేసుకున్నాడు. ఏళ్ళ తరబడి ఆమె ఆ ఇంట్లో ఈ సూ షింగ్ యె మేయ్ అంతా చేసింది. సంసారం కుదుటపడ్డాక అతను మారిపోయాడు, ఆమెని వదిలేశాడు. పుట్టింటికి వెళితే తోడబుట్టినవాళ్ళు నవ్వారు. ఈవేళ పెద్దమనుషుల సన్మానాల్లో ఆ నాలుగు మాటలూ చదువుతుంటే, ఆమె సంగతి ఎవరికి గుర్తుంటుంది?

వాళ్ళ ఆకాశంలో కూడా ఒక నేతపిల్ల వుంది. ఏడో నెల ఏడో రాత్రి పండగ, 'ఛీ షీ'. మనం అభిజిత్తు అనే నక్షత్రం వాళ్ళకి నేతపిల్ల. మన శ్రవణ నక్షత్రం పశువుల కాపరి. ఇద్దరికీ మధ్య ఆకాశగంగ అడ్డం. వాళ్ళు దాన్ని వెండినది అంటారు. పెళ్ళయ్యాక ఆమె మగ్గం ఆగిపోయిందని దేవతలరాజుకి కోపం వచ్చి ఇద్దర్నీ విడదీశాడని ఒక కథ. ఏడాదికి ఒక్క రాత్రి పక్షులు రెక్కలు కలిపి వంతెన కడితే కలుసుకుంటారు. ఆ రాత్రి ఆడపిల్లలు వెన్నెల్లో సూదిలో దారం ఎక్కించి, చేతిపనిలో నేర్పు ప్రసాదించమని నేతపిల్లని వేడుకునేవారు. ఆమెకి దొరికిన ఆ ఒక్క రాత్రి కూడా ఈ అర్జీలతోనే సరిపోయేదేమో పాపం.

ఇంటి మాటలు మరికొన్ని చెబుతాను. 'గె యె' అంటే మధ్యలో ఒక రాత్రి అడ్డుపడినది. నిన్నటి కూర గె యె కూర, నిన్నటి టీ గె యె టీ. రాత్రి మిగిలిన టీ తాగకూడదని అక్కడి ముసలమ్మలు ఇప్పటికీ గట్టిగా చెబుతారు. ఇదే మాట మొగుడూ పెళ్ళాల సామెతలో కూడా వుంది. ఆలుమగల మధ్య గె యె పగ వుండదట. సాయంత్రం పోట్లాట తెల్లారేసరికి చద్దిగా మిగలకూడదని. మంచి మాటే. అయితే ఈ సామెత మధ్యవర్తులుగా వచ్చిన పెద్దవాళ్ళ నోట ఎక్కువగా వినబడుతుంది. వాళ్ళు దాన్ని ఎవరివైపు తిరిగి చెబుతారో మీరు ఊహించగలరు.

'యె ఛాంగ్ మెంగ్ ద్వో' అని ఇంకోటి, రాత్రి పొడుగైతే కలలు ఎక్కువ. పెళ్ళి మాటలు నడుస్తున్నాయనుకోండి, ఇల్లు కొనే బేరం తెమలడం లేదనుకోండి, "ఇంకా నాన్చకండి, యె ఛాంగ్ మెంగ్ ద్వో" అంటారు. మన 'ఆలస్యం అమృతం విషం' లాగే గాని, ఇందులో బెదిరింపు కాస్త తక్కువ.

రాత్రంతా ఏడ్చే పసివాణ్ణి 'యె కూ లాంగ్' అంటారు, రాత్రి ఏడుపు అబ్బాయి. దీనికి పాతకాలంలో ఒక చిత్రమైన వైద్యం వుండేది. మా ఇంట్లో రాత్రి ఏడుపు అబ్బాయి వున్నాడు, దారిన పోయే పెద్దమనుషులు ఇది మూడుసార్లు చదివితే తెల్లవార్లూ నిద్రపోతాడు అన్న అర్థంతో కాగితం రాసి వీధిగోడకో, చెట్టుకో అంటించేవారు. చదివిన మనిషికి ఖర్చు లేదు. పిల్లవాడు నిద్రపోయాడో లేదో గాని, ఆ ఇంట్లో ఒక తల్లికి నిద్రలేదన్న సంగతి ఊరందరికీ తెలిసేది.

ఈ 'లాంగ్' చూసి 'యె లాంగ్' అంటే రాత్రి పిల్లాడని అనుకోకండి. అది ఒక చిన్న రాజ్యం పేరు. ఇప్పటి గ్వెయ్‌జౌ ప్రాంతంలో వుండేది. హాన్ చక్రవర్తి దూతని పట్టుకుని, మీ రాజ్యం పెద్దదా మాది పెద్దదా అని అడిగాడట అక్కడి దొర. బావిలో కప్పలాంటి గొప్పలకి పోయేవాణ్ణి 'యె లాంగ్' అని ఎత్తిపొడవడం అప్పటినించీ వచ్చింది. రాత్రికీ దానికీ సంబంధం లేదు.

అలాగే రాత్రి గుర్తుతో రాసినా రాత్రికి సంబంధం లేని మాట ఒకటి మన దేశం నుంచే వెళ్ళింది. 'యె ఛా' అంటారు. బౌద్ధ గ్రంథాలని చైనాభాషలోకి మార్చేటప్పుడు 'యక్ష' అన్న మాటని అలా పలికి, ఆ పలుకుకి సరిపోయే గుర్తులు వేశారు. 'రాత్రి', 'పంగలకర్ర' అన్న గుర్తులు పడ్డాయి. గయ్యాళి ఆడదాన్ని 'మూ యె ఛా' అంటారు, ఆడ యక్షుడు అన్నమాట. వాళ్ళ ప్రసిద్ధ నవల షుయ్ హూ లో పూటకూళ్ళు నడిపే ఒకావిడకి ఇదే బిరుదు. బాటసారులకి మత్తుమందు పోసి, వాళ్ళ మాంసంతో కుడుములు చేసి అమ్మేది మరి. మన యక్షిణులు పాపం వరాలు కూడా ఇస్తారు.

ఇంకొక మాట కూడా మనదే, అది మాత్రం నిజంగా రాత్రిదే. మీలో చాలామంది డాబా మీద కుండీలో బ్రహ్మకమలం పెంచుతున్నారు. మొగ్గ విచ్చే రాత్రి ఇరుగుపొరుగుని పిలిచి, పసుపూ కుంకాలు పెట్టి, టార్చిలైటు వేసి చూస్తాం. నిజానికి అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూసే వేరే పువ్వు. మన కుండీల్లో వున్నది మెక్సికో ప్రాంతాల నుంచి వచ్చిన ఒక జాతి జెముడు. దీన్నే చైనావాళ్ళు 'తాన్ హ్వా' అంటారు. హ్వా అంటే పువ్వు. తాన్ అంటే? ఆశ్చర్యపోతారు, అది మన 'ఉదుంబర'! అంటే మేడి. మేడిచెట్టు పువ్వు ఎవరికీ కనబడదు, అది కాయ లోపలే దాగి వుంటుంది. అందుకని బౌద్ధ గ్రంథాల్లో అతి దుర్లభమైన వస్తువుకి ఉదుంబర పుష్పాన్ని పోలిక చెప్పారు. కుమారజీవుడు 406లో చైనాభాషలోకి తెచ్చిన సద్ధర్మపుండరీకంలో ఆ పోలిక వుంది. పలకలేనంత పొడుగు మాట కాలక్రమాన అరిగి 'తాన్' మిగిలింది. ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్ళకి ఒక్క రాత్రి పూసి వాడిపోయే ఈ విదేశీ జెముడు వస్తే ఆ పేరు దానికి తగిలించారు. 'తాన్ హ్వా యీ షియెన్', తాన్ పువ్వు ఒక్కసారి కనబడ్డట్టు. రెండు రోజులు వెలిగి మాయమైపోయిన పేరుప్రతిష్ఠల్ని ఇలా అంటారు. సినిమావాళ్ళ విషయంలో ఎక్కువగా వినబడుతుంది.

చివరగా వంటింటి మాట ఒకటి. నిద్ర మానుకుని మేలుకోవడాన్ని చైనాలో 'ఆవ్ యె' అంటారు. యె అంటే రాత్రి గదా. ఆవ్ అంటే సన్నటి సెగ మీద చాలాసేపు కాచడం. గంజి కాచడానికి, కషాయం కాచడానికి ఇదే మాట. ఓర్చుకోవడానికి కూడా ఇదే మాట. రాత్రిని పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా తెల్లవారేదాకా కాచడం అన్నమాట. పరీక్షల పిల్లలు కాస్తారు, జబ్బు మనిషి పక్కన కూర్చున్నవాళ్ళు కాస్తారు, ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ వాళ్ళు కాస్తారు.

ఈ మధ్య ఏళ్ళల్లో దీనికి ముందు ఇంకో మాట చేర్చారు, 'బావ్ ఫూ షింగ్ ఆవ్ యె' అని. పగ తీర్చుకునే జాగారం. పగలంతా ఆఫీసుకీ, ఇంటికీ, పిల్లలకీ పోతుంది. తనదంటూ ఒక్క గంట దొరకదు. అందుకని అందరూ పడుకున్నాక, కళ్ళు మూతలు పడుతున్నా, పొద్దున్నే లేవాలని తెలిసినా, పడుకోకుండా ఫోనో పుస్తకమో పట్టుకుని కూర్చుంటారు. పగటి మీద కసి రాత్రి మీద తీర్చుకుంటారు. 2020 ప్రాంతంలో ఈ మాట ఇతర దేశాల పత్రికల్లోకి కూడా పాకింది. ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టర్లు చెబుతూనే వున్నారు. అది నిజమే. కాని పూర్వం నెలకి పదిహేను రోజులు రాత్రి నుంచి తీసి ఇంటి లెక్కలో వేసినవాళ్ళు వున్నారు గదా. ఇప్పుడు ఒక గంట తన లెక్కలో వేసుకోవాలనుకున్న మనిషిని నేను మరీ తిట్టలేను.

చైనా స్నేహితురాలెవరైనా మీకు తటస్థపడితే, సాయంత్రం కలిసినప్పుడు 'వాన్ షాంగ్ హావ్' అనాలి. 'వాన్ ఆన్' అనేది పడుకోబోయే ముందు మాత్రమే. అందులో 'ఆన్' అంటే శాంతి, నెమ్మది. ఇంటికప్పు గుర్తు కింద ఆడమనిషి గుర్తు వేసి దాన్ని రాస్తారు. పాత ఎముకల మీది రాతల్లో ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వుంటుంది. కలిసిన వెంటనే వాన్ ఆన్ అన్నారంటే, ఇక మీరు లేచి వెళ్ళచ్చు అని సెలవిచ్చినట్టు అవుతుంది సుమా.